పాఠకుల పత్రికకు ముందు చందా పుస్తకం, తర్వాతే ప్రెస్సు

సంపాదకులకు,

నమస్కారం. ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు సొంత పత్రిక కావాలనీ, అది కంపెనీల ప్రకటనల మీదా పార్టీల డబ్బు మీదా కాక పాఠకుల చందాల మీద నడవాలనీ, ప్రజా సంఘాల మధ్య నుంచి పుట్టాలనీ ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో కొన్ని లేఖలు వచ్చాయి. ఆలోచన సరైనదే. నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వకాలు వద్దని 2013లో రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు పల్లీ సభలు (ఊరి సభలు) తీర్మానించినప్పుడు దేశమంతా ఇటు చూసింది. ఆ తర్వాత ఆ పన్నెండు ఊళ్ల మంచీచెడ్డా నెలనెలా చెప్పే తెలుగు పత్రిక ఏది? వంశధార నీళ్ల మీద ఒడిశా, ఆంధ్రల తగాదా విన్న ట్రిబ్యునల్ 2017లో తుది తీర్పు ఇచ్చింది. నేరడి బ్యారేజీతో శ్రీకాకుళం రైతుకు వచ్చే నీళ్ల గురించి చదువుతున్నాం గానీ, అందుకోసం ఇటు ఒడిశా వైపు పోయే భూమి గురించి చదవడం లేదు. రెండు రాష్ట్రాలూ తమవనే సరిహద్దులోని కొటియా ఊళ్ల తగాదా 1968 నుంచి సుప్రీంకోర్టు చుట్టూ తిరుగుతోంది. అది ఎన్నికలప్పుడు తప్ప వార్త కాదు.

అయితే వచ్చిన లేఖలన్నీ పత్రికలో ఏం రాయాలో చెప్పాయి. ఎలా నడపాలో ఒక్కటీ చెప్పలేదు. ఈ ప్రాంతంలో రాసేవాళ్లకు ఎన్నడూ కొరత లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో పర్లాకిమిడి నుంచి ‘తెలుగు’ పత్రిక తెచ్చారు. అంతటి మనిషి నడిపినదే ఎన్నేళ్లో సాగలేదు. చిన్న పత్రికలు సాధారణంగా వ్యాసాలు లేక ఆగవు. చందా వసూలు కాక, కట్టలు చేరక ఆగుతాయి. అందుకే ఈ లేఖలో ఎక్కువ భాగం ఆ మొరటు లెక్కలకే కేటాయిస్తున్నాం.

ముందు కాగితం. న్యూస్‌ప్రింట్ మీద, పెద్ద దినపత్రికలా వేయాలన్న సరదా చాలామందికి ఉంటుంది. కాగితం చుట్ట మీద అచ్చేసే వెబ్ మిషను మొదలై రంగు కుదిరేలోపే వందల కాపీలు చెత్తకు పోతాయి. వెయ్యి ప్రతుల పత్రికకు అది శుద్ధ దండగ. విడి షీట్ల మీద అచ్చేసే షీట్‌ఫెడ్ మిషను మీద పల్చటి న్యూస్‌ప్రింట్ పెడితే రెండేసి షీట్లు కలిసి వెళ్తాయి, అటువైపు అచ్చు ఇటు కనిపిస్తుంది. 18×23 అంగుళాల డెమ్మీ సైజు, 60 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 60 గ్రాములు) మ్యాప్‌లిథో కాగితం తీసుకోవాలి. ఒక షీటుని రెండు మడతలు పెడితే 9×11.5 అంగుళాల ఎనిమిది పేజీలు వస్తాయి. 500 షీట్ల రీము 8 కిలోలు, అంటే షీటు 16 గ్రాములు. రెండు షీట్ల పదహారు పేజీల సంచిక 32 గ్రాములు తూగుతుంది.

ధరలు ఊరూరికీ మారతాయి కాబట్టి కింది అంకెల్ని లెక్క తేలడానికి వేసుకున్నవిగానే చూడాలి. పదహారు పేజీలు, ఒకే రంగు, వెయ్యి ప్రతులు. తరుగుతో కలిపి 2,100 షీట్లు, సుమారు 34 కిలోలు. కిలో 80 రూపాయలు వేసుకుంటే 2,700. షీటుకు రెండువైపులా ఒక్కొక్కటి చొప్పున అచ్చు ప్లేట్లు నాలుగు, ఒక్కొక్కటి 300 చొప్పున 1,200. ప్లేటుకు వెయ్యి ప్రతుల అచ్చుకూలి 400 చొప్పున 1,600. మడత, పిన్ను 500. మొత్తం 6,000. దీనికి డీటీపీ 3,000, విలేకరుల తిరుగుడు ఖర్చు 4,000, గది అద్దె, ఫోను 1,500, తపాలా, రేపర్లు 1,500 కలిపితే నెలకు 16,000. ఏడాదికి 1,92,000. ఇందులో ఎవరికీ జీతం లేదన్నది గమనించాలి.

విడి ప్రతి 20 రూపాయలు, ఏడాది చందా 200 పెడితే వెయ్యిమంది చందాదారులతో రెండు లక్షలు వస్తాయి. కాగితం మీద గట్టెక్కినట్టే ఉంటుంది. కానీ వెయ్యి అచ్చేసిన పత్రికకు వెయ్యిమందీ డబ్బు కట్టడం ఎక్కడా జరగదు. ఏడువందల మంది కట్టారనుకుంటే వచ్చేది 1,40,000. లోటు 52,000.

ఈ లోటు తగ్గించడానికి చందాకు ఒకటి కాక మూడు ధరలు పెట్టే పద్ధతి ఉంది. బెర్లిన్‌లో 1979లో దినపత్రికగా మొదలైన టాజ్ అలాగే చేసింది. సోషల్ మూవ్‌మెంట్లలోంచి వచ్చిన ఆ పత్రిక కష్టాల్లో పడ్డప్పుడు 1992లో పాఠకుల సహకార సంఘంగా మారింది. ఆ సంఘంలో ఇరవై వేలకు పైగా సభ్యులున్నారు. అక్కడ ఒకే పత్రికకు లేనివాళ్లు తక్కువ కడతారు, ఉన్నవాళ్లు ఎక్కువ కడతారు, ఎవరు ఏ ధర ఎంచుకోవాలో వాళ్లిష్టం. మన ఏడువందల మందిలో వందమంది 500, అయిదువందల మంది 200, వందమంది 100 కట్టారనుకోండి. 1,60,000 అవుతుంది. ఇంకా 32,000 చాలదు.

సరిగ్గా ఈ దశలో ప్రతి చిన్న పత్రికా చేసే పని ప్రతులు తగ్గించడం. దానివల్ల మిగిలేది చాలా తక్కువ. వెయ్యి బదులు 800 వేస్తే ప్లేట్లు అవే, అచ్చుకూలి వెయ్యికే కడతాం, తగ్గేది కాగితమూ మడతకూలీ మాత్రమే. నెలకు ఆరువందలు, ఏడాదికి 7,200. పైగా రెండువందల మంది పాఠకులు పోతారు. అదే పేజీలు పదహారు నుంచి ఎనిమిదికి తగ్గిస్తే ప్లేట్లు సగం, కాగితం సగం, కూలి సగం. నెలకు 3,000, ఏడాదికి 36,000 మిగులుతుంది, లోటు పూడుతుంది. ఎనిమిది పేజీల పత్రిక చిన్నదనిపిస్తుంది, కవితల పేజీ పోతుంది, కొందరు మిత్రులకు కోపం వస్తుంది. రానివ్వండి.

ముందుగా వసూలైన చందా ఆదాయం కాదు, అప్పు. పన్నెండు సంచికలు ఇస్తామన్న మాట మీద తీసుకున్నది. ప్రారంభ సభలో జనం ఉత్సాహంగా కట్టిన డబ్బుని మొదటి మూడు సంచికల రంగుల ముఖచిత్రాలకూ ఆవిష్కరణ సభ భోజనాలకూ పెట్టేస్తే ఎనిమిదో నెలకు కాగితం కొనడానికి ఉండదు. బ్యాంకులో వేసి, నెలకు పన్నెండో వంతు మాత్రమే బయటికి తీయాలి. సంతకాలు ఇద్దరివి, అందులో ఒకరు సంపాదకవర్గంలో లేనివాళ్లయి ఉండాలి.

చందా పుస్తకం చూసే మనిషి సంపాదకుడంత ముఖ్యం. నిజం చెప్పాలంటే అంతకన్నా ముఖ్యం. చిరునామా చీటీ మీదే ‘మీ చందా 14వ సంచిక వరకు’ అని అచ్చేయాలి. గడువుకు రెండు సంచికల ముందు రంగు చీటీ పెట్టాలి, ఒక సంచిక ముందు మనిషి వెళ్లాలి లేదా ఫోను చేయాలి. గడువు దాటాక రెండు సంచికలు పంపి ఆపేయాలి. మొహమాటపడి ఏడాదంతా పంపితే కట్టినవాడికి కట్టనివాడికి తేడా లేకుండా పోతుంది. గౌరవ ప్రతులు నలభై దాటకూడదు. సంఘాల నాయకులు, రచయితలు, అధికారులు, మిత్రులు అంటూ మూడువందలు ఉచితంగా వెళ్లే పత్రికలు ఉంటాయి. ఉద్యమ నాయకులే చందా కట్టకపోతే ఇంకెవరు కడతారు?

సంఘాలు యాభైయేసి ప్రతుల కట్ట తీసుకుని సభల్లో, సంతల్లో అమ్ముతాయి. ప్రతులు అమ్ముడవుతాయి, డబ్బు మాత్రం సభ ఖర్చుల్లో కలిసిపోతుంది. ఇది మోసం కాదు, ఆ చేతికి వచ్చింది ఈ అవసరానికి పోవడమే. ప్రతి మీద అయిదు రూపాయలు సంఘానికి వదిలి, పాత కట్ట సొమ్ము వచ్చాకే కొత్త కట్ట ఇచ్చే పద్ధతి మొదటి నెల నుంచే పెట్టాలి. తర్వాత పెడితే తగాదాలొస్తాయి. క్యూఆర్ కోడ్ అచ్చేస్తే పని సులువవుతుందనుకుంటారు. డబ్బయితే వస్తుంది, చిరునామా రాదు. కోడ్ పక్కనే ‘కట్టాక పేరు, ఊరు, పిన్ కోడ్ ఈ నంబరుకు పంపండి’ అని ఉండాలి. వసూలుకు కాలం కూడా చూసుకోవాలి. వడ్లు అమ్ముకున్న సంక్రాంతి రోజులూ, జీడిపిక్కలు కదిలే ఏప్రిల్, మే నెలలూ సరైనవి. ఆషాఢంలో విత్తనాల అప్పుల్లో ఉన్న ఇంటికి వెళ్లి చందా అడిగితే వచ్చే ఏడాది చందా కూడా పోతుంది.

ఇక చేరవేత. చిరునామా చీటీలు తెలుగులో రాయడం అభిమానం కావచ్చు గానీ, రాయగడ, కొరాపుట్ జిల్లాల పోస్టుమ్యాన్ చదివేది ఒడియా లేదా ఇంగ్లీషు. చీటీ ఆ లిపుల్లో ఉండాలి. కట్టల్ని పిన్ కోడ్ మొదటి మూడు అంకెల ప్రకారం విడగొట్టి పోస్టాఫీసుకు ఇవ్వాలి. బరంపురం వైపు 760, పర్లాకిమిడి వైపు 761, జయపురం, కొరాపుట్ 764, రాయగడ, గుణుపురం 765, సరిహద్దు దాటితే శ్రీకాకుళం వైపు 532, పార్వతీపురం వైపు 535. కలగాపులగంగా ఇస్తే సరిహద్దుకు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఊరికి వారం పడుతుంది. వార్తాపత్రికల తపాలా రాయితీ కావాలంటే రిజిస్ట్రేషన్ నంబరు, నికరమైన చందాదారుల జాబితా ఉండాలి, సంచికకూ సంచికకూ మధ్య 31 రోజులు దాటకూడదు. ‘ఈ నెల ఆలస్యమైంది, రెండు నెలలకూ కలిపి ప్రత్యేక సంచిక వేద్దాం’ అనే అలవాటు రాయితీకే ఎసరు పెడుతుంది. నౌపడ–గుణుపురం రైలు దారిలో టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం ఉన్నాయి. ఆ ఊళ్లకు తపాలాకన్నా ఎవరైనా కట్ట పట్టుకెళ్లి స్టేషనులో అందించడమే నయం.

రిజిస్ట్రేషన్ గురించి పాత సంగతులే ఇంకా ప్రచారంలో ఉన్నాయి. 1867 నాటి చట్టం పోయింది. 2023 నాటి పత్రికలు, నియతకాలికల రిజిస్ట్రేషన్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వడం లేదు, పేరూ రిజిస్ట్రేషనూ కలిపి ప్రెస్ సేవా పోర్టల్‌లో ఒకే దరఖాస్తు. పేరుకు అయిదు ప్రత్యామ్నాయాలు ఇవ్వొచ్చు. ‘ప్రజా’, ‘జన’, ‘గళం’, ‘వాణి’ కలిసిన పేర్లు ఎప్పుడో ఎవరో తీసుకుని ఉంటారు, స్థానికమైన కొండ పేరో వాగు పేరో కలుపుకుంటే త్వరగా దొరుకుతుంది. జిల్లా అధికారి తన అభిప్రాయం చెప్పడానికి 60 రోజుల గడువుంది. ఒడియాలో ఒక పేజీ వేసే ఉద్దేశం ఉంటే మొదటే ద్విభాషా పత్రికగా నమోదు చేయాలి. తప్పకుండా వేయాలని మా మాట. ఇక్కడ ఒడియా మీడియంలో చదివిన తెలుగు పిల్లలు ఎంతోమంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. రిజిస్ట్రేషన్ లేకుండా నియతకాలిక నడిపితే జరిమానా 5 లక్షల దాకా ఉంది. ఉద్యమ పత్రికలు ప్రత్యేకంగా చూసుకోవాల్సిన నిబంధన ఇంకొకటి: ఉగ్రవాద చర్య, చట్టవ్యతిరేక కార్యకలాపం, రాజ్యభద్రతకు విరుద్ధమైన పనుల కేసుల్లో శిక్ష పడినవాళ్లు పత్రిక తేకూడదు. కేసు నడుస్తున్నంత మాత్రాన అడ్డు లేదు. ప్రచురణకర్తని ఎంచుకునేటప్పుడే ఇది అడిగి తెలుసుకోవాలి.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు సాయం చేస్తారు కదా అని చాలామంది అంటారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం రిజిస్టరైన పత్రిక యజమాని, సంపాదకుడు, ముద్రాపకుడు, ప్రచురణకర్త, విలేకరి, కాలమిస్టు, కార్టూనిస్టు, వీళ్లెవరూ విదేశీ విరాళం తీసుకోకూడదు. భారత పౌరుడిగానే ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనల్లుడు ప్రేమగా పంపిన వంద డాలర్ల విరాళం మాత్రం ఆ కిందికే వస్తుంది. చందా రశీదు పుస్తకం, విరాళం రశీదు పుస్తకం వేరువేరుగా ఉంచి, విరాళం రాసేటప్పుడు పౌరసత్వం అడగాలి. స్థానిక విరాళాలకూ హద్దుండాలి. ఒకే మనిషి ఇచ్చేది ఏడాది రాబడిలో ఇరవయ్యో వంతు మించకూడదు. ఆరు నెలలకోసారి జమాఖర్చులు పత్రికలోనే అచ్చేయాలి.

డీటీపీ దగ్గర ఒక తలనొప్పి ఉంది. విలేకరులు ఫోనులో యూనికోడ్‌లో పంపుతారు, ఆపరేటరు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోకి మారుస్తాడు. ఆ మార్పిడిలో వత్తులు ఎగిరిపోతాయి, ఊళ్ల పేర్లు చెడిపోతాయి. మొదటి నుంచీ యూనికోడ్‌లోనే పేజీలు కట్టుకోవాలి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6 ఉచితం, తెలుగు వత్తులు సరిగ్గా పడతాయి. మండలి, సురవరం, రామభద్ర ఫాంట్లు కూడా ఉచితమే. ప్రెస్సుకు ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్ పంపాలి.

వార్తల విషయంలో సంఘాల నుంచి పుట్టిన పత్రికకు సొంత జబ్బులుంటాయి. సంఘం పంపిన ప్రకటన వార్తగా అచ్చయిపోతుంది. ‘వేలాదిగా తరలివచ్చిన జనం’ అని ఉంటుంది, ఎవరు లెక్కపెట్టారో ఉండదు. ఒక కంపెనీ మీద చేసిన ఆరోపణకు ఎలాంటి కాగితం కావాలో, సంఘం నాయకుడి మీద వచ్చిన ఆరోపణకూ అలాంటి కాగితమే కావాలి. సంఘాల పదవుల్లో ఉన్నవాళ్లు పత్రికకు రాయొచ్చు, వార్తల ఎంపికలో ఓటు ఉండకూడదు. ఉద్యమం ఓడిపోయినప్పుడు ఓడిపోయిందని రాయగలిగితేనే గెలిచిందన్న వార్తని ఎదుటివాళ్లు నమ్ముతారు.

సరిహద్దు వార్తల్లో తరచు దొర్లే తప్పులు కొన్ని చెబుతాం. రాయగడ జిల్లా ఒకటి, గజపతి జిల్లాలో రాయగడ బ్లాకు ఇంకొకటి. ఆర్.ఉదయగిరి గజపతిలోది, జి.ఉదయగిరి కంధమాల్‌లోది. రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాలు పూర్తిగా రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింది ఆదివాసీ ప్రాంతం. గజపతిలో ఆర్.ఉదయగిరి తహశీలూ, గుమ్మ, రాయగడ బ్లాకులూ మాత్రమే. ‘షెడ్యూలు ప్రాంత భూమి’ అని పర్లాకిమిడి పట్నం గురించి రాస్తే ఆ వార్త మొత్తం కొట్టుకుపోతుంది. ఒడిశాలో ఊరికి పల్లీ సభ, పంచాయతీకి గ్రామసభ ఉంటాయి. రెండింటినీ ఒకటి చేసి రాస్తే ఎవరు తీర్మానించారో తెలియకుండా పోతుంది. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభకు ఊరి సభ్యుల్లో సగంమంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. కాబట్టి తీర్మానం కాపీ చేతికి రాగానే చూడాల్సింది ఉపన్యాసాలు కాదు, సంతకాలు, వేలిముద్రల లెక్క, తేదీ, ఊరి ఓటర్ల జాబితా. కాపీ ఒడియాలో ఉంటుంది. ఎవరో తెలుగులో చెప్పినది కాక, ఒడియా చదివే మనిషి మూలాన్నే చూడాలి.

సమాచార హక్కు దరఖాస్తు ఆంధ్రలో తెల్లకాగితం మీద రాసిస్తే సరిపోతుంది, పంచాయతీలో రుసుము లేదు, మండలంలో అయిదు రూపాయలు. ఒడిశాలో ఫారం-ఎ, గుర్తింపు కాగితం, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అడుగుతారు. ఆంధ్ర అలవాటులో పంపిన దరఖాస్తు వెనక్కి వస్తే నెల పోయినట్టే. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను. ఆ క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్ల కాలపరిమితి ఉంది, అంటే విలేకరి నోటుబుక్కులు, ఫొటోలు, రికార్డింగులు మూడేళ్లు భద్రంగా ఉండాలి. విలేకరి సంఘం మారినా, ఊరు మారినా నోటుబుక్కు పత్రిక దగ్గరే ఉండాలి.

గ్రాంటు తెచ్చుకుంటే ఇన్ని తిప్పలెందుకన్న మాట కూడా వస్తుంది. బుందేల్‌ఖండ్‌లో 2002లో గ్రామీణ స్త్రీలు మొదలుపెట్టిన ఖబర్ లహరియా పత్రికకు మొదట్లో నిరంతర్ అనే స్వచ్ఛంద సంస్థ అండ ఉండేది, గొప్ప పని చేసింది. చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్లు నడిపిన నవోదయం పత్రికకు ప్రభుత్వ పథకం తోడుండేది. ఆ దారిని మేం తప్పుపట్టడం లేదు. కానీ ఇక్కడ గనుల గురించీ నిర్వాసితుల గురించీ రాయబోయే పత్రికకు ఏ నిధి ఎప్పుడు ఆగుతుందో తెలియని పరిస్థితి పనికిరాదు. చందా పెరగడం నెమ్మదే. ఆగిపోయేది కూడా ఒక్కరోజులో కాదు.

మొదలుపెట్టాలనుకునే మిత్రులకు మా సూచన: ఆవిష్కరణ సభ తేదీ ఇప్పుడే ప్రకటించొద్దు. ఈ సంక్రాంతి నుంచి ఉగాది వరకు రశీదులిచ్చి చందాలు వసూలు చేయండి. ఆ డబ్బుని ముట్టుకోకుండా విడి ఖాతాలో ఉంచండి. ఉగాదికి చందాదారులు అయిదువందలు దాటితే రిజిస్ట్రేషనుకు పెట్టండి, ఎనిమిది పేజీలతో మొదలుపెట్టండి. దాటకపోతే ఎవరి డబ్బు వాళ్లకు తిరిగి ఇచ్చేయండి. తిరిగి ఇచ్చేస్తామన్న మాట రశీదు వెనకే అచ్చయి ఉండాలి.

— కొందరు పాఠకులు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా